బండ కాడి బోరును నమ్మిన మిషన్

మా ఇంటి కాగితాలన్నిటినీ కంప్యూటర్‌కు కంఠస్థం చేయించింది నేనే. నల్గొండ చుట్టుపక్కల ఈ పని చేసిన మొదటి రైతును కూడా నేనేనని చాయ్ హోటల్ దగ్గర చాలాసార్లు చెప్పాను. నిజానికి ఆ సాధనాన్ని తెచ్చి కుదిర్చింది మా కోడలు. ఆమె కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నేను చేసింది స్విచ్ వేయడం. అది కూడా ఆమె చెప్పాకే.

కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ పెట్టింది. అందులో ఏ కాగితం వేసినా ఆ సాధనం చదివి, ఏఐ జ్ఞాపకంలోకి ఎక్కిస్తుంది. తర్వాత మనం తెలుగులో అడిగితే ఆ కాగితాల్లోంచే వెతికి జవాబు చెబుతుంది. కాగితాలు మన ఇల్లు దాటి పోవట. ఇంట్లో అందరం దాన్ని మిషన్ అనే అంటాం. పట్టా పాసుపుస్తకాలు, మట్టి పరీక్ష రిపోర్టులు, దవాఖాన చిట్టీలు అన్నీ ఎక్కించాక కోడలు నా వైపు తిరిగింది.

"మామా, కాగితాల మీద లేనియి మీకే ఎరుక. ఏ చెల్కల ఏం పండింది, ఏ బోరు ఎట్ల పడ్డది, అన్ని ఫోన్ల చెప్పుండ్రి. అదే రాసుకుంటది."

నన్ను మాట్లాడమని బతిమాలిన మనిషి ఈ మధ్య ఎవరూ లేరు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, కడుపు నిండా చెప్పాను. మా చెల్క గట్టున ఉన్న బండ పక్కన వేసిన బోరు సంగతి కూడా చెప్పాను. నీళ్లు రిగ్గు కన్నా ఎత్తుకు లేచాయని, రెండించులకు పైనే పడ్డాయని, కేసింగ్ పైపు దింపేలోపే రాళ్లు కూలి పూడిపోయిందని.

ఎండలు ముదిరాక ఒక పొద్దున మా చెల్లె వచ్చింది. హుజూర్‌నగర్ అత్తగారింటి నుంచి తిరిగొచ్చి, మా చెల్కకు ఆనుకుని ఉన్న తన వాటాలో బత్తాయి తోట పెట్టుకుంది. ఆమె బోరు అడుగంటింది. చెట్ల ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఇంకొక్క బోరు వేయించగలదు, అంతే. అందులో కూడా నీళ్లు పడకపోతే తోట కొట్టించి కట్టెల కింద అమ్ముకోవాలి.

"కొబ్బరికాయ పట్టి నీళ్లు చూసేటాయన బాట పక్కన జాగా చూపెట్టిండు," అంది కోడలితో. "నాకే నమ్మకం కుదుర్తలేదు బిడ్డా. జర గీ మిషన్ను అడుగు."

కోడలు అడిగింది. మిషన్ తడుముకోలేదు. 'బండ పక్కన రెండించులకు పైగా నీళ్లు పడ్డాయి. రాళ్లు కూలడం వల్లే ఆ బోరు పోయింది. దాని దగ్గరలోనే వేయడం మేలు' అని చెప్పి, కింద ఫైలు పేరు కూడా చూపించింది. నా ఫైలే.

"గట్లనా! రేపు పొద్దుగాల రిగ్గు వస్తాంది. బండ కాన్నే దింపిస్త," అని చెల్లె లేచింది.

మా వైపు నీళ్లు పడని బోరును పడలేదని ఎవరూ చెప్పుకోరు. రాళ్లు కూలాయంటారు. వినేవాళ్లకూ తెలుసు, తల ఊపి ఊరుకుంటారు. ఆ బోరులో తెల్లటి దుమ్ము తప్ప చుక్క రాలేదు. ఆ మాట అక్కడే చెప్పాలని నోరు తెరిచాను. "చాయ్ తాగి పో చెల్లే," అన్నాను.

ఆమె పోయింది, కోడలు కాలేజీకి పోయింది. నాకు కాలు నిలవలేదు. బువ్వ ముందు కూర్చుని లేచాను. రోడ్డు దాకా నడిచి తిరిగొచ్చాను. చివరికి కంప్యూటర్ తెరిచి, నా ఫైలు వెతికి, నీళ్లు లేచిన ముక్క తుడిపేసి, 'ఆ బోరులో నీళ్లు పడలేదు' అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. హాయిగా ఊపిరి తీసుకుని మిషన్‌ను అడిగాను. రెండించులకు పైగా, అంది. ఫైలునే తీసేశాను. అయినా రెండించులకు పైగానే. నా కాగితం పోయింది, నా కోతలు మాత్రం దాని కడుపులో పదిలంగా ఉన్నాయి.

కోడలు సాయంత్రం గడపలో కాలు పెట్టగానే, "బిడ్డా, నీ మిషన్ ఖరాబైంది," అన్నాను.

ఆమె చూసింది. "ఏం ఖరాబ్ కాలే మామా. ఫోల్డర్ల మార్చినంక మళ్ల ఎక్కియ్యాలె. లేకుంటే పాతదే యాది పెట్టుకుంటది. ఏం మార్చిండ్రు?"

చెప్పాను. ఆమె నవ్వలేదు. ఏదో నొక్కి కొత్తగా ఎక్కించింది. బండ పక్క బోరు సంగతి తనకేమీ తెలియదంది మిషన్.

"దీనికైతే మార్పిచ్చిన," అంది కోడలు. "మరి తోటల ఉన్న అత్తమ్మకు ఎవరు ఎక్కియ్యాలె?"

పొద్దు ఇంకా ఉండగానే తోటకు పోయాను. చెల్లె బండ పక్కన జాగా చదును చేసి, పసుపు కుంకుమలు చల్లి, నిమ్మకాయ పెడుతోంది.

"చెల్లే, గీడ వద్దు."

"ఏమైందే?"

"నీళ్లు పడలే. దుమ్మే లేచింది."

"రాళ్లు కూలినయని చెప్తివి గదా?"

"కూలలే."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు చెప్తే నేనెన్నడన్న నమ్మిన్నా? గుడ్డేలుగును తరిమిన అంటివి, అది పక్కింటోళ్ల మేక. నీ మాటల సగం తీసేసి వినుడు నాకు చిన్నప్పటి సంది అలవాటే. మిషన్ చెప్పిందని గదనే పసుపు చల్లిన!"

ఆమె నిమ్మకాయ తీసుకుని, పసుపు గిన్నె నా చేతికిచ్చి, బాట వైపు నడిచింది.

తెల్లారి బాట పక్కనే రిగ్గు దిగింది. చాలాసేపు దుమ్మే. చెల్లె కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. తర్వాత తడి మట్టి వచ్చింది, ఆ తర్వాత నీళ్లు. తోట మొత్తానికి చాలవు. డ్రిప్పుతో వంతులు పెడితే సగం తోట నిలబడుతుంది. ఏ వరసలు వదులుకోవాలో చూడటానికి ఆమె ఒక్కతే లోపలికి పోయి, చాలాసేపటికి తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో కోడలు ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. "చెప్పుండ్రి మామా, కొత్త బోరు సంగతి."

"బాట పక్క బోరు సల్లంగ పడ్డది," అన్నాను. "ఇంచున్నర..."

మట్టి చేతులతో గడపలో నిలబడ్డ చెల్లె నన్నే చూస్తోంది.

"ఇంచు," అన్నాను.

ఆమె చూపు తిప్పలేదు.

"ముప్పావించు."

"ఇగ ఎక్కియ్యి బిడ్డా," అని కోడలికి చెప్పి, చేతులు కడుక్కోవడానికి పోయింది.