సార్ పంపిన మనిషి

మా బావ సైన్యంలో కల్నల్. ఇంటికి మాత్రం ఎప్పుడూ చుట్టపుచూపుగానే వచ్చేవాడు. వచ్చిన మర్నాటి నుంచే తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకునే మనిషితో మా అక్క కాపురం ఎలా చేసిందో నాకు అంతుపట్టేది కాదు. ఆ మాట ఆయన మొహం మీదే అనేవాణ్ణి. బావమరిదిని కదా, నాకు ఆ హక్కుంది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

తాను రాలేనప్పుడు మనుషుల్ని పంపేవాడు. తన దళంలోంచి సెలవు మీద ఎవరు మా వైపు వస్తున్నా వాళ్ళ చేతికి ఒక మూట ఇచ్చేవాడు. అందులో ఉన్ని దుప్పటో, వాళ్ళ పాపకి బొమ్మో ఉండేది. అక్క ఆ సిపాయిని కూర్చోబెట్టి, కడుపునిండా భోజనం పెట్టి, గుచ్చి గుచ్చి అడిగేది. దగ్గు తగ్గిందా, వేళకి తింటున్నారా, ఎప్పుడొస్తానన్నారు? మొగుడికన్నా మొగుడు పంపిన మనుషులే మా అక్కకి ఎక్కువ తెలుసు.

పాప పెరిగి పెళ్ళై వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి అక్కకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. పొయ్యి మీద పాలు మరిచిపోవడంతో మొదలై, సొంత వీధి మరిచిపోయేదాకా వచ్చింది. అక్కకి తోడుగా వచ్చి ఉంటున్న నేను బావకి ఫోన్ చేసి చెడామడా తిట్టాను.  పై పదవి చేతికందబోతున్న వేళ రాజీనామా ఇచ్చి వచ్చేశాడు. ఆయన కోరుకున్నది ఒక్కటే, మిగిలిన రోజులైనా ఆమెకి మొగుడిగా బతకాలని.

అక్క తలుపు తీసింది. ఆయన వైపు, చేతిలో పెట్టె వైపు చూసింది.

"రా బాబూ, కూర్చో. సార్ పంపించారా? ఎలా ఉన్నారాయన?"

"నేనే. నేనే వచ్చేశాను," అన్నాడు బావ.

ఆమె బెదిరిపోయి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఆయన తల వంచుకుని, "అవును మేడమ్, సారే పంపించారు," అన్నాడు. అక్క మొహం విప్పారింది.

అలా అంతమందికి ఆజ్ఞలిచ్చిన మనిషి సొంతింట్లో సిపాయి అయ్యాడు. మందులిచ్చేవాడు, గిన్నెలు కడిగేవాడు, హాల్లో చాప మీద పడుకునేవాడు. "ఇన్నాళ్ళకి మా అక్క నీ ర్యాంకు ఊడబీకింది బావా," అన్నాను. ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మొగుడికి ఎప్పుడూ చెప్పని మాటలు మా అక్క ఈ సిపాయికి చెప్పేది. "మీ సార్‌తో అనకు బాబూ. పాప పుట్టినప్పుడు ఇక బతకననే అనుకున్నాను. చెబితే అక్కడ బెంగపెట్టుకుంటారని చెప్పలేదు." ఆయన గిన్నెలు కడుగుతూ వినేవాడు. తర్వాత ఆమె వెళ్ళి కిటికీ దగ్గర కూర్చునేది. సార్ ఎప్పుడొస్తారని పూటకోసారి అడిగేది.

యూనిఫాం వేసుకోవాలన్న ఆలోచన బావదే. "మీ అక్క మనసులో ఉన్నది ఈ బట్టతల ముసలాడు కాదురా. అది వేసుకుంటే గుర్తుపడుతుందేమో," అన్నాడు. ఇస్త్రీ చేశాడు, పతకాలు తగిలించాడు, బూట్లు తళతళలాడేదాకా తుడిచాడు. పెరటి దారిన వెళ్ళి, చుట్టూ తిరిగొచ్చి, వీధి తలుపు గంట కొట్టాడు. కొత్త పెళ్ళికొడుకులా బిడియపడుతూ నిలబడ్డాడు.

అక్క తలుపు తీసి యూనిఫాం చూసింది. పతకాలు చూసింది. పక్కన పెట్టె ఉందేమోనని కింద చూసింది. లేదు.

సెలవు మీద వచ్చేవాడు మామూలు బట్టల్లో, సామానుతో వస్తాడు. పూర్తి యూనిఫాంలో, ఉత్త చేతులతో ఒక ఆఫీసరు గుమ్మంలో నిలబడ్డాడంటే ఏ కబురు తెచ్చాడో సైనికుల భార్యలందరికీ తెలుసు. బావ తానే అలా ఎన్నో ఇళ్ళ గుమ్మాలు ఎక్కాడు. ఆ సంగతి ఆ మనిషికి ఎలా తట్టలేదో! తన ఇంటికి తాను వస్తున్నాననుకున్నాడు, అంతే.

"ఎప్పుడు జరిగింది?" అంది అక్క.

 బావ ఆమెని పేరు పెట్టి పిలిచాడు. "నాకేం కాలేదు, చూడు. నేనే," అన్నాడు.

"ఎలా చెప్పాలా అని ఇబ్బంది పడుతున్నారు మీరు. లోపలికి రండి, కూర్చోండి," అంది.

మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత నేల మీద కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది. బావ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. తన చావుకి తన భార్య ఏడుస్తుంటే చూడాల్సిన గతి పగవాడికి కూడా పట్టకూడదు.

సాయంత్రానికి మరిచిపోతుందిలే అని మేం సరిపెట్టుకున్నాం. యూనిఫాంను మరిచిపోయింది, వచ్చిన ఆఫీసరును మరిచిపోయింది. దుఃఖాన్ని మాత్రం మరవలేదు. మర్నాటి నుంచి కిటికీ దగ్గరికి వెళ్ళలేదు, సార్ ఎప్పుడొస్తారని అడగలేదు. సిపాయి పెట్టింది తిని, గోడ వైపు తిరిగి పడుకునేది.

ఆ మౌనం బావ భరించలేకపోయాడు. ఒక ఉదయం ఉతికిన బట్టలు మడతపెడుతూ, "మేడమ్, సార్ వచ్చే వారం వస్తున్నారు. ఇక తిరిగి వెళ్ళరట," అన్నాడు. ఆ మాట అంటూనే చేతిలోని చీరలో మొహం దాచుకున్నాడు.

అక్క లేచి వచ్చి ఆయన తల నిమిరింది. సైన్యం వదిలి వచ్చాక ఆమె ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"నీకెవరూ చెప్పలేదా బాబూ? ఆయన ఇక రారు," అంది. "ఏడవకు. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. ఇంకా ఇక్కడే ఉంటే ఎలా? ఇంటికెళ్ళు. మీ ఆవిడ నీకోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తుంటుంది."

"అలాగే మేడమ్," అని బావ లేచి చెప్పులు వేసుకున్నాడు. అక్క గుమ్మం దాకా వచ్చి సాగనంపి తలుపు వేసింది. నేను పెరటి దారిన పరుగెత్తుకెళ్ళేసరికి ఆయన గేటు బయట, ఎటు పోవాలో తెలియక నిలబడి ఏడుస్తున్నాడు.