కడిగిన వెండి

నా భర్త బస్సు డిపోలో మెకానిక్. ఇంటికి వచ్చేసరికి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. సబ్బుపొడి, కొబ్బరిపీచు పట్టుకుని పెరటి కుళాయి దగ్గర ఎంతసేపు తోమినా గోళ్ళ అంచుల్లో నలుపు మిగిలేది. సెలవు రోజు ఆ చేతులకే తెల్లటి నూలు గ్లవుజులు తొడుక్కుని బీరువా ముందు కూర్చునేవాడు. వెండి నాణేలను ఒక్కొక్కటే అంచుల దగ్గర పట్టుకుని, కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

అవి పాత కాలపు నాణేలు కావు. బజారులో ఇచ్చి కూరగాయలు కొనేవీ కావు. ఒక్కో దేశం తన ముద్రతో ఏటేటా అచ్చువేసి అమ్మే మేలిమి వెండి బిళ్ళలు. ఒకదాని మీద ఆకు, ఒకదాని మీద కంగారూ, ఇంకొకదాని మీద వీణల్లాంటి వాద్యాలు. ఒక్కోదాన్ని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి దాచేవాడు. మాకు పిల్లలు లేరు. ఆయనకు వేరే అలవాట్లు కూడా లేవు. అందుకని నేను ఏమీ అనేదాన్ని కాదు.

నేను నయాపూల్ దగ్గర కోర్టులో నకళ్ళ విభాగంలో పనిచేస్తాను. కోర్టు దాటి కొంచెం లోపలికి పోతే ఒక సందులో నాణేల దుకాణం ఉంది. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. మొఘల్‌పురా నుంచి వచ్చే భాయ్ దాన్ని నడుపుతాడు. మా ఆయన మొదటిసారి అక్కడికి వెళ్ళింది నా వల్లే. నన్ను బండి మీద తీసుకెళ్ళడానికి వచ్చి, నాకు ఆలస్యమైతే, నీడ కోసం ఆ దుకాణం మెట్టు మీద కూర్చున్నాడట. భాయ్ లోపలికి పిలిచి టీ ఇచ్చాడట. అలా మొదలైంది.

ఆయన పోయిన రోజు నాకు బాగానే గుర్తుంది. ఎండలు అప్పుడే మొదలవుతున్నాయి. డిపోలో బస్సు కింద గుంటలో పనిచేస్తూ కూలబడ్డాడు, గుండె ఆగిందన్నారు. ఫోను వచ్చినప్పుడు నేను ఒక తీర్పు నకలు మీద ముద్రలు వేస్తున్నాను. విని, ఫోను పెట్టేసి, మిగిలిన పేజీల మీద కూడా ముద్రలు వేశాను. పక్క సీటు ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా ఆపలేదు.

ఛత్రినాకలో మా గల్లీ ఆడవాళ్ళంతా నా చుట్టూ కూర్చుని, "ఏడువు బిడ్డా, లోపల పెట్టుకుంటే గుండె పలుగుతది" అనేవారు. ఏడవాలని నాకూ ఉండేది. రాలేదు. పన్ను పీకే ముందు సూదిమందు ఇస్తే చెంప ఉండీ లేనట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలా ఉండేది. దినాలయ్యాయి. మళ్ళీ కోర్టుకు వెళ్ళాను. వండాను, తిన్నాను, అత్తమ్మకు పెట్టాను. ఆమెకు నేను, నాకు ఆమె. అంతకుమించి ఇంట్లో ఎవరూ లేరు.

ఒక మధ్యాహ్నం కోర్టు గేటు దగ్గర భాయ్ నిలబడి ఉన్నాడు.

"సలాం భాభీ. మీకు చెప్పాల్నా వద్దా అని మస్తు రోజులు ఆగిన," అన్నాడు.

"ఏంది భాయ్?"

"అన్న తన సిక్కాలన్నీ ఈసారి గ్రేడింగుకు పంపుదామన్నడు. నాతోని అంత మాట్లాడుకున్నడు. నా మాల్ ఈ వారమే పోతుంది. మీరు ఇస్తే కలిపి పంపిస్త. వద్దంటే ఏం ఫికర్ లేదు."

గ్రేడింగు గురించి మా ఆయన చెప్పగా విన్నాను. పరదేశంలో ఒక కంపెనీ వాళ్ళు నాణెం అసలుదో నకిలీదో తేలుస్తారు. భూతద్దం కింద పెట్టి గీతలూ మరకలూ చూసి డెబ్బైకి ఇన్ని అని మార్కు వేస్తారు. ఆ తర్వాత తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, మార్కు చీటీతో సహా తిరిగి పంపుతారు. డెబ్బైకి డెబ్బై అంటే దోషమే లేదని. అది ఎవరికీ అంత తేలిగ్గా రాదని ఆయన అనేవాడు.

వద్దు అనాలంటే ఎందుకు వద్దో ఆలోచించాలి. "సరే భాయ్," అన్నాను.

ఇంటికొచ్చి బీరువా తెరిచి నాణేలు బయటికి తీస్తుంటే అత్తమ్మ గడప దగ్గర నిలబడింది.

"అన్ని ఎటు తీస్తున్నవ్?"

"పంపుతున్న అత్తమ్మా. అసలువో కాదో చూసి, నంబరేసి మళ్ళ పంపుతరు. ఆయన అనుకున్నడట."

ఆమె దేవుడి అర దగ్గరికి వెళ్ళి తన నాణెం తెచ్చింది. "గిది గూడ పంపు. వాడు తెచ్చిందే గద."

ఆ నాణెం సంగతి చెప్పాలి. ఆయన మొట్టమొదట కొన్నది అదే, ఆకు బొమ్మ ఉన్నది. ఆ ఏడు దీపావళికి ఆయన డ్యూటీలో ఉండగా అత్తమ్మ దాన్ని డబ్బీలోంచి తీసి, చింతపండుతో తోమి, పాలతో కడిగి, పసుపు కుంకుమలు పెట్టి లక్ష్మీదేవి ముందు ఉంచింది. ఆయన వచ్చి చూశాడు.

"ఏందమ్మా గిట్ల చేసినవ్? దాన్ని చేత్తోని ముట్టుడే తప్పంటే, చింతపండు పెట్టి రుద్దినవ్!"

"వెండి తోముతెనే మెరుస్తదిరా. నల్లటి వెండి దేవునికి పెడ్తరా?"

"అది నల్లగ లేకుండె అమ్మా."

"నీకు కనవడలే. నాకు కనవడ్డది."

ఆ పూట ఆయన అన్నం తినలేదు. మర్నాడు డ్యూటీకి పోతూ, చెప్పులు వేసుకుంటూ, "ఇగ అది నీదే. మిగిలినయి మాత్రం ముట్టకు," అన్నాడు. అప్పటినుంచి ఆ నాణెం దేవుడి అరలోనే ఉంది. శుక్రవారం శుక్రవారం కుంకుమ, పండుగ వస్తే చింతపండు.

ఇప్పుడు దాన్ని నా చేతికి ఇవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుంది. పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది.

"పరాయి దేశం పోతుంది. మురికితోని పోతదా?" అంటూ చింతపండు పిసికి తోమడం మొదలుపెట్టింది.

తోమితే వెండి మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయని, పడితే ఇక పోవని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ఆమెను ఆపాలని తెలుసు. నోరు తెరవాలనిపించలేదు. నీళ్ళ చప్పుడు వింటూ నిల్చున్నాను.

దుకాణంలో భాయ్ ఒక్కో నాణెమూ చూసి పక్కన పెడుతూ, దాని దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. దీపం కింద వంచి చూశాడు.

"భాభీ, గిది ధోయా హువా మాల్. కడిగిన సిక్కాకు వాళ్ళు నంబర్ ఇయ్యరు. ఊకెనే పోయి వస్తది."

"అత్తమ్మ పంపమన్నది భాయ్."

భాయ్ నా ముఖం వైపు చూశాడు. "అమ్మీ చెప్పినంక ఇంకేముంది," అని దాన్నీ మిగిలిన వాటితో చేర్చాడు.

నెలలు గడిచాయి. ఆషాఢంలో బోనాలు వచ్చాయి. ఏడాది తిరగలేదు కాబట్టి మేము బోనం ఎత్తలేదు. పొద్దుటినుంచి గల్లీలో డప్పులు, మైకులు, వేపాకులు. అత్తమ్మ తలుపు దగ్గరగా వేసి గోడకు ఆనుకుని కూర్చుంది. డప్పు దగ్గరైనప్పుడల్లా, "ఎవల బోనం పోతుంది?" అని అడిగేది. కిటికీలోంచి చూసి చెప్పేదాన్ని. చివరికి ఆమె అడగడం మానేసింది. నేను ఉతికిన బట్టలు మడతపెట్టాను. ఆయన చొక్కాలు కూడా వాటిలో ఉన్నాయి. ఎవరూ వేసుకోకపోయినా వాటిని ఉతుకుతూనే ఉన్నానని అప్పుడు గమనించాను.

దసరా దాటాక భాయ్ ఫోను చేశాడు. నాణేలు వచ్చాయి. సాయంత్రం వెళ్తే అట్టపెట్టె విప్పకుండా అలాగే ఉంచాడు.

"అన్న ఉంటే అన్నే తెరిచెటోడు. మీరే తెరవుండ్రి భాభీ."

కత్తెర ఇచ్చాడు. కోశాను. అరచేతిలో పట్టే పలక డబ్బాలు, వాటిలో నాణేలు. ఒక్కటి కూడా నకిలీ లేదు. చాలావాటికి అరవై తొమ్మిది వచ్చింది. కంగారూ మీద పాలచుక్కల్లాంటి తెల్ల మరకలు లేచాయని తక్కువ వేశారు. అవి ఎవరి తప్పూ కాదట, టంకశాలలోంచే వస్తాయట. వాద్యాల బొమ్మ ఉన్నదాన్ని చేతిలోకి తీసుకున్న భాయ్ గట్టిగా అరిచాడు.

"సత్తర్! భాభీ, సత్తర్ వచ్చింది! డెబ్బైకి డెబ్బై! నా చేతుల మీద గిట్ల రావుడు మస్తు తక్కువ."

పక్క హోటల్ నుంచి టీ తెప్పించాడు. భాయ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను టీ గ్లాసు పట్టుకుని ఆలోచిస్తున్నాను. ఈ సంగతి ఇంట్లో నేరుగా చెప్పకూడదు. మా ఆయన చేతులు కడుక్కుని వచ్చాక, అరవై అయిదే వచ్చిందని ముందు ఏడిపించాలి. ముఖం చిన్నబోయాక అప్పుడు డబ్బా తీసి చూపించాలి. అక్కడిదాకా అనుకున్నాక ఆగాను. టీ తాగేశాను. అప్పటికే చల్లారింది.

అట్టపెట్టె అడుగున అత్తమ్మ నాణెం ఉంది. చీటీ మీద అంకె లేదు. అసలుదే, కడిగినది అని మాత్రం ఉంది.

ఇంటికి వెళ్ళగానే, "నాదాన్ని ఏమన్నరు?" అంది అత్తమ్మ.

"అసలుదేనట."

"గది నాకు తెల్వదా? నంబరెంత?"

"కడిగిర్రు గావట్టి నంబరు ఇయ్యలేదు."

"కడిగినందుకా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "కడిగినందుకు తక్కువ జేస్తరా? ఏం మనుషులే వాళ్ళు!"

శుక్రవారం పొద్దున నేను కోర్టుకు బయలుదేరుతుంటే దేవుడి అర దగ్గరి నుంచి ఆమె నన్ను పిలిచింది. ప్లాస్టిక్ డబ్బా మీద కుంకుమ బొట్టు పెడితే నిలవడం లేదు. జారి చీటీ మీద పడుతోంది. ఆమె వేలితో మళ్ళీ మళ్ళీ పెడుతోంది.

"దీన్ని తియ్యి బిడ్డా. లోపల ఊపిరాడనట్టున్నది."

"అది తియ్యరాదు అత్తమ్మా. పలగ్గొట్టాలె."

"అయితే పలగ్గొట్టు."

పచ్చడి నూరే బండ తెచ్చాను. డబ్బాను పాత టవలులో చుట్టి మూలల మీద కొట్టాను. మొదట ఏమీ కాలేదు. గట్టిగా కొడితే ఎముక విరిగిన చప్పుడు వచ్చింది. టవలు విప్పి ముక్కల మధ్యనుంచి నాణెం తీశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను ఏ నాణేన్నీ అంచులు వదిలి పట్టుకోలేదు, పట్టుకోనిచ్చేవాడు కాదు. ఇది అరచేతిలో పూర్తిగా పడుకుంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ముందు చల్లగా ఉండి, నెమ్మదిగా నా చేతి వేడికి వచ్చింది. పిడికిలి మూశాను. అత్తమ్మ నా పిడికిలి మీద తన చెయ్యి వేసి, "కొడుకా" అని ఒక్కసారిగా ఏడ్చింది. ఆమె భుజం పట్టుకున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఆ పూట కోర్టుకు వెళ్ళలేదు, అంతే.

కొన్నాళ్ళకు భాయ్ ఫోను చేసి, డెబ్బై వచ్చినదాన్ని ఒకాయన అడుగుతున్నాడని చెప్పాడు. "ఇప్పుడైతే వద్దు భాయ్," అన్నాను. మరి ఎప్పుడని భాయ్ అడగలేదు.

మొన్న వంట పొయ్యి మీద ఉండగా అత్తమ్మ, "మిగిలినయి తే, చూస్త," అంది. ఇన్నేళ్ళలో ఆమె వాటిని దగ్గరగా చూడటం అదే మొదలు. మంచం మీద పరిచాను. పొడుగు గౌను వేసుకుని చెయ్యి చాచి నడిచే ఆడమనిషి బొమ్మను చూసి, "ఈమె ఏ అమ్మవారు?" అంది.

"అమెరికా వాళ్ళది అత్తమ్మా. పేరు ఆయన చెప్పిండు. నాకు యాదికి లేదు."

పేరు తెలియకపోయినా ఫరవాలేదన్నట్టు దండం పెట్టుకుంది. తర్వాతది అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. "గిదేంది, ఎలుకా?"

"కంగారూ. పిల్లను కడుపు సంచిల పెట్టుకొని మోస్తది."

"మోస్తదా," అంది. ఆ డబ్బాను మాత్రం మంచం మీద పెట్టలేదు. ఒళ్ళో ఉంచుకుని మిగిలినవి చూస్తోంది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. నేను లేచి వెళ్ళాను.