మస్కట్‌లో టమోటాలు ఏరిన ప్రమీల

నిమ్మనపల్లె దగ్గర సేద్యం చేసుకునే రెడ్డెప్ప కూతురు ప్రమీలకు పెండ్లి కాకముందు పొద్దస్తమానం ఒకటే పని. తోటలో కోసిన టమోటాలను ఏరి, పండూ కాయా వేరుచేసి, మదనపల్లె మార్కెట్టుకు పోయే బుట్టల్లో పేర్చాలి. చెయ్యి తగిలితే చాలు, ఏ కాయ రెండు రోజులు నిలుస్తుందో, ఏది సాయంత్రానికే నీరుగారుతుందో చెప్పేసేది. అట్లాంటి మనిషిని మొగుడు జయచంద్ర 1999లో ఇద్దరాడపిల్లలతో సహా మస్కట్‌కు పిలుచుకుపోయి, మొదటి వారంలోనే ఒక సూపర్‌మార్కెట్టులో నిలబెట్టి, టమోటాలు ముట్టుకోవద్దన్నాడు.

జయచంద్రది కుప్పం. ఇండ్లు కట్టే కంపెనీలో స్టోర్‌కీపరు. నాలుగేండ్లు ఒంటిగా ఉండి ఆ ఊరి అంగళ్ల మీద భక్తి పెంచుకున్నాడు. లోపలికి అడుగుపెట్టే ముందు చొక్కా సర్దుకుంటాడు. ట్రాలీని రెండు చేతులా పట్టుకుని, పిల్లలతో కూడా గుసగుసగానే మాట్లాడతాడు. చల్లగాలి తోలే గదిలో ఉల్లిగడ్డలు పేర్చిపెడితే దానికింత వంగడమెందుకో ప్రమీలకు అర్థం కాలేదు.

టమోటాలు నాలుగేసి చొప్పున తెల్లటి తట్టల్లో, పైన ప్లాస్టిక్కు కాగితం బిగించి ఉన్నాయి. ప్రమీల బొటనవేలితో ఒకదాన్ని నొక్కింది. కాగితం చిరిగింది.

"మే, ఏం సేస్తాండావు?" జయచంద్ర అదిరిపడ్డాడు.

"సూస్తాండా."

"కండ్లతో సూడు. వాళ్లంతా మనల్నే సూస్తాండారు."

"పండో కాయో కండ్లకేం తెలుస్తాది? సిమెంటు మూటలు లెక్కపెట్టేదానికైతే సాలు కండ్లు."

నీలం చొక్కా వేసుకున్న పనివాడొకడు వచ్చి, చిరిగిన తట్టను మాట్లాడకుండా తీసి వాళ్ల ట్రాలీలోనే పెట్టిపోయాడు. జయచంద్ర వాడికి నాలుగుసార్లు సారీ చెప్పాడు.

ఆ టమోటాలతో చేసిన పప్పు ఎంత ఉడికినా పులుపు రాలేదు, వాసన రాలేదు. తోలు మాత్రం పంటి సందుల్లో ఇరుక్కుంది. "బాగుండాది" అని జయచంద్ర రెండోసారి వేయించుకున్నాడు. టమోటా చప్పగా ఉందంటే ఎండకూ మన్నుకూ తప్పు పెట్టుకోవచ్చు. ఈ మనిషి నాలుకే చప్పబడిందంటే తప్పు దేనికి పెట్టాలి? రాగిపిండి అడిగితే పసిబిడ్డ బొమ్మ ఉన్న చిన్న డబ్బా తెచ్చిచ్చాడు. దాంతో సంగటి కెలికితే ఇంట్లో అందరికీ తలా నిమ్మకాయంత ముద్ద వచ్చింది.

పై అంతస్తులో వసుధ ఉండేది. పుంగనూరామె. మొగుడికి బ్యాంకులో పని, ఎనిమిదేండ్లుగా అక్కడే. మన పక్క యాసను సబ్బు పెట్టి కడిగేసి మాట్లాడేది. సంగతి విని కిందికి దిగివచ్చి, సోఫా అంచున కూర్చుని చెప్పింది.

"ఇక్కడ బేరాలాడడం, నొక్కి చూడడం ఉండవు ప్రమీలా. అవన్నీ ఊళ్లోనే వదిలేసి రావాలి. నాకైతే చిన్నప్పటి నుంచీ ఆ మార్కెట్ల కంపే పడదు."

"కంపు లేకుంటే అది కూరగాయెట్లయితాది అక్కా, మైనం బొమ్మయితాది" అంది ప్రమీల. వసుధ కాఫీ సగం వదిలేసి వెళ్లిపోయింది.

మెట్లు ఊడ్చే మునస్వామిది గంగవరం. అతనే చెప్పాడు: "ఊరి బయట పెద్ద మార్కెట్టుండాదమ్మా. లారీలు దిగేది ఆడనే. మేమంతా ఆడనే కొంటాము."

"ఆడికి కూలోళ్లు పోతారు" అన్నాడు జయచంద్ర.

"పోనీ, వాళ్ల నోటికైనా రుచి తెలుస్తాది. శుక్రవారం కారు తియ్యి."

కారైతే తీశాడు కానీ దిగలేదు. ఆఫీసువాళ్లెవరైనా చూస్తారని అద్దాలు ఎత్తుకుని లోపలే కూర్చున్నాడు. ప్రమీల ఒక్కతే లోపలికి పోయింది. మన్ను, చెమట, నలిగిన కొత్తిమీర, కుళ్లిన క్యాబేజీ ఆకు, అన్నీ కలిసిన వాసన ముక్కుకు తగిలి, వచ్చిన రెండు నెలలకు మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకుంది. టమోటా పెట్టెలమ్మే గడ్డపాయన పైన ఎర్రటివి మెరిసేటట్టు పేర్చాడు. ప్రమీల అడగకుండానే పెట్టెను బోర్లించింది. అడుగున సగం మెత్తబడినవే. ఆయన అరిచాడు. మదనపల్లె మండీల్లో అబ్బిన ఉర్దూలో ఆమె కూడా అరిచింది. చివరికి ఆయనే నవ్వి, ఏ ఊరని అడిగాడు. మదనపల్లె అంటే, ఎప్పుడూ వినలేదన్నాడు. టమోటాలమ్ముతూ మదనపల్లె పేరు వినని మనిషిని చూసి ప్రమీలకు జాలేసింది.

ఆ వారం నుంచి ఆ ఇంట్లో పప్పు ఉడికితే పై అంతస్తు దాకా తెలిసేది. రెండు నెలలు ఓర్చుకుని వసుధ దిగివచ్చింది. ఎవరో బంధువులు భోజనానికొస్తారట, కొంచెం టమోటాలు తెప్పించిపెడతావా అని నసిగింది.

"నేను తెస్తే నాకు నచ్చినవి తెస్తా. నువ్వే రా అక్కా."

వసుధ నల్లద్దాలు పెట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, ఖూనీ చేయబోయేదాని మాదిరిగా వచ్చింది. లోపలికి పోయిన కాసేపటికే బీరకాయల రాశి దగ్గర వంగింది. చేతులు వాటంతటవే కదిలాయి. ఒకటి తట్టింది, ఒకటి తూచింది, మూడోదాని తొడిమ గిచ్చి పారేసింది. ప్రమీల రెండు ఏరేలోపల ఆమె పది ఏరింది. తక్కెడ ఒకవైపు ఒరిగితే నల్లద్దాలు పైకెత్తి గట్టిగా కేకేసింది:

"ఏమప్పో! తక్కెడ కింద వేలు పెడతాండావే, నేను సూళ్లేదనుకుంటివా?"

అమ్మేవాడికి తెలుగు రాకపోయినా వేలు తీసేశాడు.

ప్రమీల నోరు తెరుచుకుని చూస్తుంటే వసుధ ముఖం ఎర్రబడింది. "మా నాయన గంగప్పది పుంగనూరు బస్టాండు కాడ కూరగాయలంగడి" అంది నేలచూపులు చూస్తూ. "పదో తరగతి దాకా తూకమేసింది నేనే. ఈడ ఎవురికీ తెలీదు. సెప్పొద్దు ప్రమీలా."

ప్రమీలకు మొదట సంతోషమేసింది. ఇంత దూరదేశంలో కూరగాయ చెయ్యి తెలిసిన మనిషి ఒకతె దొరికింది. ఆ చివరి మాటతో ఆ సంతోషం కాస్తా విరిగిపోయింది.

"యాల సెప్పకూడదక్కా? దొంగతనం సేసినాడా మీ నాయన?"

వసుధ నల్లద్దాలు మళ్లీ కండ్ల మీదికి దించుకుంది.

2006లో కంపెనీ పని ముగిసి జయచంద్ర కుటుంబం కుప్పానికి తిరిగొచ్చేదాకా శుక్రవారాలు ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. బీరకాయలో తనకన్నా వసుధదే మంచి చెయ్యని ప్రమీల ఒప్పుకుంది కూడా. కానీ ప్రతిసారీ ఇంటి కిందికి రాగానే వసుధ తన సీటు కింద నుంచి మడతలుపెట్టి దాచిన సూపర్‌మార్కెట్టు కవర్లు తీసేది. మన్ను దులిపి, కూరగాయలన్నీ వాటిలోకి మార్చుకుని, అంగడి పేరు బయటికి కనపడేటట్టు పట్టుకుని లిఫ్టెక్కేది.

"తెలివైంది" అన్నాడొకసారి జయచంద్ర. "మనమూ రెండు కవర్లు పెట్టుకుంటే..."

ప్రమీల అతని మాట ముగియనివ్వలేదు. గోనెసంచి సంకనెత్తుకుని, మునగకాయలు బయటికి పొడుచుకొస్తుండగా, లిఫ్టు వదిలేసి నలుగురూ దిగే మెట్ల మీద నడిచింది. జయచంద్ర పుచ్చకాయ మోసుకుంటూ, ఆమె ఎవరో తనకు తెలియనట్టు పది మెట్లు వెనకగా వచ్చాడు.