వినకుండా చెరిపేసిన అయిదు మాటలు

మా వీధిలో ఎక్స్ఛేంజి బాబాయి అని పేరుపడ్డ పెద్దమనిషి ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేశాడు. ఏ తీగ ఏ కన్నంలో పెట్టాలో ఆయనకు తెలుసు. పెట్టాక అవతలా ఇవతలా ఎవరేం మాట్లాడుకున్నారో మాత్రం తెలియదు. పరుల మాట విననని ఉద్యోగంలో చేరిన రోజున చేసిన ప్రమాణాన్ని ఆయన పెళ్లినాటి ప్రమాణాల కంటే నిష్ఠగా నిలబెట్టుకున్నాడని భార్య ఆరోపణ. ఇంట్లో తను చెప్పేదీ ఆ పద్దులోనే పోయిందట.

అలాంటి మనిషి రిటైరయితే వీధి ఊరుకుంటుందా? ఫోన్ గ్రూపు పెట్టి, అడ్మిన్ పదవిని ఆయన నెత్తిన పెట్టింది. ఆ గ్రూపు వల్ల వీధికి మేలు జరగలేదంటే కళ్లు పోతాయి. నీళ్లు ఎప్పుడొస్తాయో పొద్దున్నే తెలిసేది. పగిలిన పైపు ఫోటో పెడితే మధ్యాహ్నానికి పారతో మనిషి దిగేవాడు. అన్నిటికంటే మించి, చిరుగుల కోసం ఒకరి గుమ్మం మీద ఒకరు నిఘా పెట్టుకున్న ఆరుగురు కుట్టుపనివాళ్లు ఒక్కటై, బడి యూనిఫారాల పని సంపాదించుకున్నారు. పక్కవీధిలో ఎనిమిది మిషన్లున్నా ఈగలే వాలుతున్నాయి.

మొదటి రెండు విడతల గుడ్డ బాబాయి వరండాలో పంచారు. హెడ్‌మాస్టరమ్మ సైజులు పైకి చదువుతుంటే ఎవరి మూట వాళ్లు పట్టుకెళ్లారు. మూడో విడతకు బాబాయి నాగరికతను ఒక మెట్టు పైకెక్కించాడు. ఎవరికెన్ని చొక్కాలు కావాలో గ్రూపులోనే రాయాలి. అంతకుముందే పదకొండు రూళ్లు ప్రకటించి ఉన్నాడు. నాలుగోది: గొంతుతో పంపే సందేశాలు నిషిద్ధం. వాటిని వినడమంటే ఆయనకు గోడకు చెవి ఆనించినట్టే. కనక ఎవరైనా పంపితే మరుక్షణమే, వినకుండానే చెరిపేసేవాడు. చెరిపిన చోట, ఫలానా వారి సందేశాన్ని అడ్మిన్ తొలగించారు అని ఒక ముక్క మిగిలేది. దాన్ని ఆయన పరిశుభ్రతకు గుర్తుగా భావించాడు.

చొక్కాల పంపకం నాలుగు రోజులు సాగింది. ఆ ఆరుగురిలో ఒకరైన మిషను పిన్ని పేరు మీద అలాంటి ముక్కలు అయిదు పడ్డాయి. చివరికి అయిదుగురు రాశారు, అయిదుగురికీ పంచారు.

వారం తిరిగాక బాబాయి భార్య దిండు గలీబులు కుట్టించడానికి పిన్ని ఇంటికెళ్లింది. అరగంటలో గలీబుల గుడ్డ చంకలో అలాగే పెట్టుకుని తిరిగొచ్చింది.

"మిషను మీద దుప్పటి కప్పేసిందండీ. పనెవరూ ఇవ్వట్లేదట."

"ఎందుకని?"

"నన్నడుగుతారేం? గ్రూపులో అది బూతులు తిట్టిందనీ, అందుకే మీరు అయిదుసార్లు చెరిపారనీ వీధంతా అనుకుంటోంది. నిజంగా తిట్టిందా?"

"నాకేం తెలుసు? నేను విననుగా."

"వినకుండా ఎందుకు చెరిపారు?"

"రూలు నాలుగు..."

"దానికి అక్షరం ముక్క రాదండీ! కొలతలు కూడా దారానికి ముళ్లేసి గుర్తుపెట్టుకుంటుంది. అది మీ పదకొండు రూళ్లు ఏ కళ్లతో చదవాలి?"

బాబాయికి ముప్పై రెండేళ్ల సర్వీసులో తట్టని సంగతి ఒకటి అప్పుడు తట్టింది. ఎక్స్ఛేంజిలో ఆయన ఎవరి మాటా వినలేదు, నిజమే. కానీ ఎవరి లైనూ కోయలేదు కూడా.

చెప్పులు వేసుకున్నాడు. పిన్ని ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆవిడే గబగబా లేచి స్టూలు తుడిచింది.

"కూర్చోండి అన్నయ్యగారూ. నేనేమన్నా పొరపాటుగా మాట్లాడానా?"

ఆ ప్రశ్నకు ఆయన తల అక్కడికక్కడే వంగిపోయింది.

"ఏం మాట్లాడావమ్మా? ఒక్కసారి చెప్పు."

"ఏముందండీ. ముందు, నాకూ ముప్పై చొక్కాలు ఇవ్వండన్నాను. ఎవరూ పలకలేదు. ఎక్కువ అడిగానేమోనని ఇరవై అన్నాను. తర్వాత పది. ఆ తర్వాత పోనీ, గుండీలు కుట్టే పనన్నా ఇమ్మన్నాను."

"అయిదోది?"

పిన్ని కొంగు సర్దుకుంది. "ఏమన్నా తప్పుంటే క్షమించండన్నాను."

తిట్టి ఉంటే బాగుండునని బాబాయికి ఆ క్షణంలో ఎంతో అనిపించింది.

"తప్పు నాదమ్మా. నేను వినలేదు. వినకుండా చెరిపేశాను."

"అయ్యో, పోనివ్వండి అన్నయ్యగారూ, మీకెన్ని పనులో," అంది పిన్ని. ఆ మాట ఆయనకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఇంటికి పోలేదు. వీధిలోనే నిలబడి, జన్మలో మొదటిసారి గొంతుతో ఒక సందేశం పంపాడు: ఆవిడ ఏ చెడ్డమాటా అనలేదు, పని అడిగింది, నేను చెరిపేశాను, సిగ్గుపడుతున్నాను. నిమిషంలో, చొక్కాలు పంచుకున్న అయిదుగురిలో ఒకడైన కాజాల మేస్త్రి జవాబు రాశాడు: 'బాబాయ్, రూలు నాలుగు!' కింద ఆరుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. బాబాయి తన సందేశాన్ని చెరపలేదు.

తర్వాత కాలినడకన ఆ అయిదుగురి గుమ్మాలూ ఎక్కాడు. తలా ఆరు చొక్కాల గుడ్డ వెనక్కివ్వమని అడిగాడు. నలుగురు ఇచ్చారు. కాజాల మేస్త్రి మాత్రం మూట విప్పి ఇస్తూ గొణిగాడు. "ఆవిడ ఎదురైతే మేం పక్కకి తప్పుకుని పోయాం బాబాయ్. గుడ్డంటే మీరు మోస్తారు. మా మొహాలెవరు మోస్తారు?"

"నువ్వూ రా," అన్నాడు బాబాయి.

"నేను రేపొస్తాను," అన్నాడు మేస్త్రి. రాడని ఇద్దరికీ తెలుసు.

ముప్పై చొక్కాల గుడ్డ చేతుల మీద మోసుకుని ఒక్కడే వెళ్లాడు. పిన్ని మిషను మీది దుప్పటి తీసి, దారం ఉండ చేతిలో పట్టుకుని కూర్చుంది. ఒక్కో కట్టకు గుచ్చిన సైజు చీటీ ఆయన చదవాలి, ఆవిడ ముడి వేసుకోవాలి. మొదటి చీటీ ఎంతో మెల్లగా చదివాడు.

"వినపడట్లేదండీ, కాస్త పెద్దగా."

కిటికీ తెరిచే ఉంది. ఎదురింటి వాళ్లు వరండాలోకొచ్చి చూస్తున్నారు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని, మళ్లీ మొదటి చీటీ నుంచి, వీధి చివరిదాకా వినబడేలా చదవడం మొదలుపెట్టాడు.