తేలిక బ్యాటు, బరువైన సలహాలు

పెళ్లయి పలాస వచ్చిన కొత్తలో ఊళ్లోవాళ్లు నన్ను రెండే అడిగేవారు. జీడిపిక్క కొట్టడం వచ్చా? విశేషమేమైనా ఉందా? టేబుల్ టెన్నిస్ వచ్చా అని ఎవరూ అడగలేదు. నిజానికి నాకు బాగా వచ్చింది అదొక్కటే. టెక్కలిలో ఇంటర్ చదివేటప్పుడు నేర్చుకున్నాను. విశాఖపట్నంలో డిగ్రీ చదివినన్నాళ్లూ కాలేజీ జట్టుకు ఆడాను. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాక సాయంత్రాలు తోచక, మా ఆయన వెంట క్లబ్బుకు వెళ్లడం మొదలుపెట్టాను.

క్లబ్బులో అందరికీ ఇష్టమైన ఆట పేకాట. టేబుల్ టెన్నిస్ బల్ల ఒకటుండేది గానీ, దాని మీద ఎప్పుడూ జీడిపప్పు శాంపిళ్లు పరిచి ఉండేవి. క్లబ్బు సెక్రటరీగారికి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. వచ్చిన బేరగాళ్లు నిండు గుండు ఏది, విడిపోయిన బద్ద ఏది అని చూసుకుని, నాలుగు పలుకులు నోట్లో వేసుకుని వెళ్లాకే నెట్టు కట్టేవారు. అప్పటికే ఆట నియమాలు మారాయి. బంతి కాస్త పెద్దదైంది, గేము పదకొండు పాయింట్లకు దిగింది. సెక్రటరీగారు మాత్రం ఒప్పుకోలేదు.

"అది పైదేశపోళ్లకండి. మనకి ఇరవయ్యొకటే," అనేవారు.

క్లబ్బు బ్యాటు బట్టలుతికే కర్రకు తోబుట్టువులా ఉండేది. దానితో కొన్నాళ్లు ఆడేసరికి నా మోచెయ్యి పట్టేసింది. చాక్‌పీసు పట్టుకుని బోర్డు మీద రాయడమే కష్టమైపోయింది. డాక్టరుగారి దగ్గరికి వెళితే, నొక్కి చూసి, "పిండి రుబ్బడం తగ్గించండమ్మా," అన్నారు.

"పిండి మెషీనే రుబ్బుతుందండి. నేను టేబుల్ టెన్నిస్ ఆడతాను."

ఆయన నా మొహం చూడలేదు. పక్కనున్న మా ఆయన మొహం చూశారు, ఏమిటయ్యా ఈ ఘోరం అన్నట్టు.

తేలికైన బ్యాటు కొనుక్కుంటానని క్లబ్బులో అనడమే నేను చేసిన పొరపాటు. పేకముక్కలు బోర్లించి మరీ సలహాలిచ్చారు. ఒకాయన ఆడోళ్లకి ప్లాస్టిక్‌ది చాలన్నారు. ఇంకొకాయన అసలు ఆడోళ్లకి షటిలే మంచిదన్నారు. సెక్రటరీగారికి సింగపూరులో ఉన్న చుట్టమెవరో కార్బన్ బ్యాటు పంపించాడు. దాన్ని ఆయన గుడ్డలో చుట్టి తెచ్చేవారు.

"లోపల కార్బనుంది మేడం. ఇమానాలకి ఏత్తారట. బరువుంటేనే దెబ్బ. తేలిక సెక్కతో కొడితే బంతి అవతలికెలగెల్తాది?"

ఆయన బంతి అవతలికి వెళ్లడం నిజమే. గోడకు తగిలేది, ఫ్యానుకు తగిలేది, మాజీ అధ్యక్షుల ఫోటోలకు తగిలేది. బల్లకు తగలడమే అరుదు.

ఒక ఆదివారం నేనూ మా ఆయనా విశాఖపట్నం వెళ్లి ఆటవస్తువుల దుకాణంలో దిగాం. దుకాణం ఆయన మా ఆయనకు కుర్చీ వేసి, "సార్, మేడంగారికి రెడీమేడ్‌ది ఇచ్చేమంటారా?" అని అడిగాడు. నాకు చెక్క విడిగా, రబ్బర్లు విడిగా కావాలన్నాను. అప్పుడు కూడా చెక్కల పెట్టె తెచ్చి మా ఆయన ముందే పెట్టాడు.

ఒక్కో చెక్కా తీసి పిడి పట్టుకుని చూశాను. ఒకటి తేలికే గానీ పిడి మరీ సన్నం, అరచేతిలో తిరిగిపోతోంది. ఇంకొకటి చేతికి కుదిరింది గానీ బరువు. చివరికి ఐదు పొరల మామూలు చెక్క ఒకటి దొరికింది. కార్బనూ లేదు, గొప్పా లేదు. చెయ్యి ఎత్తితే చేతిలో ఏదో ఉందన్న ధ్యాసే లేదు. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. కొయ్య మెత్తదో గట్టిదో చప్పుడు కొంత చెబుతుంది.

"ఏటే, కొబ్బరికాయ కొంతన్నావేటి?" అన్నాడు మా ఆయన. ఆయనది కొబ్బరితోటల ఉద్దానం మరి.

రబ్బర్ల దగ్గర మళ్లీ పేచీ. దుకాణం ఆయన రెండు వైపులా అన్నిటికంటే మందపాటివి వెయ్యమంటాడు, స్పీడు వస్తుందని. చెక్క తేలికదై రబ్బరు బరువుదైతే బ్యాటుకు తలబరువు వస్తుంది. పిడి దగ్గర ఏమీ ఉండదు, బరువంతా ముందుకు లాగుతుంది. నా మోచెయ్యికి మళ్లీ పాత బాధే. అందుకని ముందు వైపు ఆటకు బంతిని బాగా పట్టుకునే ఎర్ర రబ్బరు, మధ్యరకం స్పాంజితో తీసుకున్నాను. వెనక వైపుకు నల్లది, పల్చటి స్పాంజితో. ఆ వైపు నాకు దెబ్బ అక్కర్లేదు, బంతిని తిరిగి పంపితే చాలు. ఇదంతా చెబితే దుకాణం ఆయన శ్రద్ధగా విని, "సార్ బాగా స్టడీ చేశారండి," అని మా ఆయనను మెచ్చుకున్నాడు. మా ఆయన వినయంగా తలూపాడు.

జిగురు కొనడం మరిచిపోయాం. పలాస వచ్చాక మా ఆయన సైకిల్ షాపు నుంచి పంచరు సొల్యూషన్ తెచ్చాడు. అప్పుడు మా అత్తగారు ఊరినుంచి వచ్చి ఉన్నారు. వాసన వంటింటి దాకా పోయింది.

"ఓలమ్మో, ఈ కంపేటే?"

"బ్యాటుకి రబ్బరంటిత్తన్నానత్తా."

"పంచరయ్యిందేటి?"

అప్పడాల కర్ర అడిగాను. రబ్బరు కింద గాలి బుడగ లేకుండా దానితో ఒత్తి, అంచులు కత్తెరతో కోశాను. మొత్తం ఎంత తూగుతుందో చూడాలనిపించి మర్నాడు కంసాలి కొట్టుకు పట్టుకెళ్లాను. అంత సన్నం తూకం ఊళ్లో ఆయన దగ్గరే ఉంది. బ్యాటు నేను కోరుకున్నంత తేలికగానే తూగింది. కానీ నేను బంగారం తూకం వేయిస్తుండగా చూశామని ఎవరో కాలేజీలో చెప్పారు. మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్‌గారు పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "ఇంట్లో ఏమైనా ఇబ్బందులుంటే మొహమాటపడకండమ్మా," అన్నారు. బ్యాటు సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు. చాలాకాలం నన్ను జాలిగానే చూశారు.

మోచెయ్యి నెమ్మదిగా కుదుటపడింది. ఆ రోజుల్లోనే టెక్కలిలో క్లబ్బుల మధ్య పోటీలు పెట్టారు. జట్టు ఎంపికకు సెక్రటరీగారు అందరినీ తనతో ఆడమన్నారు. అందరూ మర్యాదగా ఓడిపోయారు. నేను మర్యాద మరిచిపోయి, బల్ల మీద పడగానే ఆగిపోయే సర్వీసులు వేసి గెలిచాను. ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా బ్యాటు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అదీ సంగతి. బ్యాటులో ఉందండి."

మర్నాడు జట్టు ప్రకటించారు. అందులో నేను లేను.

"లేడీసుకి బస ఏరేగా సూడాలి మేడం, కట్టం."

"టెక్కలికి బసేటండి? గంటలో ఎల్తాం, వత్తాం. పైగా అది మా కన్నోరి ఊరు."

"మరి రూలు రూలేనండి," అన్నారు. ఆ వెంటనే మెత్తగా, "ఆ బ్యాటొకపాలి ఇత్తారేటి?" అన్నారు.

ఇచ్చాను. కోపం వచ్చింది గానీ, ఆ బ్యాటు ఆయన చేతిలో ఏం చేస్తుందో చూడాలన్న సరదా అంతకంటే ఎక్కువ. మా ఆయనతో టెక్కలి వెళ్లి మొదటి వరసలో కూర్చున్నాను. సెక్రటరీగారు జీడిపిక్క పగలగొట్టినట్టే ఆడారు. తేలిక చెక్క, పల్చటి స్పాంజి, ఆ బలానికి అవేం చేస్తాయి? ఇన్నాళ్లూ గోడకు తగిలిన బంతి ఈసారి నెట్టుకు తగిలింది. ఒకరకంగా అభివృద్ధే. మొదటి రౌండులోనే, టిఫిన్లు రాకముందే, మా క్లబ్బు ఇంటిముఖం పట్టింది.

"బాగా తేలికండి. దెబ్బ నిలవట్నేదు," అంటూ బ్యాటు తిరిగి ఇచ్చారు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నేను క్లబ్బుకు వెళ్లేసరికి ఆయన ఒక్కరే ఉన్నారు. జీడిపప్పు శాంపిళ్లు తనే తీసి పక్కన పెట్టారు. గుమ్మంలోకి తొంగి చూసి వచ్చి, గొంతు తగ్గించి అన్నారు.

"మేడం, ఆ సర్వీసొకపాలి సూపిత్తారేటి? బంతి నా కాడికొచ్చి అలగ సచ్చిపోతాదే, అది."

నాకు నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. బంతిని కొట్టొద్దని, అడుగున గీరి వదలమని, మణికట్టు తప్ప చెయ్యి కదలకూడదని చూపించాను. చెమటలు కక్కుతూ నేర్చుకున్నారు. ఆ వారమంతా నేను వెళ్లేసరికే వచ్చి ఉండేవారు. వారం చివరికి పది బంతుల్లో మూడో నాలుగో కుదిరేవి.

ఆ తర్వాత ఒక సాయంత్రం క్లబ్బంతా నిండుగా ఉంది. నేను సర్వీసు వెయ్యబోతుంటే, సెక్రటరీగారు పేకాట బల్లల దాకా వినిపించేలా అన్నారు:

"అలగ్గాదు మేడం. మణికట్టు ఇలగ తిప్పాల. సూడండి."

"అలాగేనండి," అన్నాను. ఆయన చెప్పినట్టే తిప్పి, ఇరవయ్యొక్క పాయింట్లూ ఆడి ఆయన మీదే గెలిచాను. ఇంటికి వస్తుంటే ఆయన పేకాటవాళ్లతో చెప్పడం వినిపించింది:

"నేను సెప్పాక మేడం ఆట బాగుపడిందండి."