గీత దాటిన ఎరుపు

బెంగళూరు పక్క పీణ్యలో క్రికెట్ కార్డులు అచ్చువేసే ప్రెస్సు ఒకటుండేది. అందులో కార్డులు ఏరి ప్యాకెట్లలో వేసే పని సత్యభామది. కదిరి వైపు నుంచి వచ్చిన మనిషి. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా, కార్డు మీద బొటనవేలు ఆనిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేది. ఎవరైనా పొగిడితే మాత్రం మూతి తిప్పుకునేది.

2003లో బజారులోకి నకిలీ కార్డులు దిగాయి. ఓనరు వెంకటరాయప్ప కోపమంతా కటింగ్ మిషన్ మీద పనిచేసే తిరుపాలు మీదికి మళ్లింది. మంచి షీట్లు చేరేది అతని దగ్గరికే కాబట్టి దొంగ అతనే అన్నాడు. పెద్దమనిషి బుర్ర అంతకు మించి కదల్లేదు. శనివారానికల్లా పని మానుకోమన్నాడు. సత్యభామకు ఒళ్లు మండింది.

నేరుగా ఓనరు గదిలోకి పోయి ఒక మంచి కార్డు, ఒక నకిలీ కార్డు చింపి చూపించింది.

"మన అట్ట మధ్యలో బూడిద కాగితం ఉంటాది సార్. దీంట్లో లేదు. ఇది మన ప్రెస్సులో పుట్టిందే కాదు."

"మరి బొమ్మ వాళ్లకి యాడిదమ్మా? తిరుపాలు షీటు ఇచ్చుంటాడు."

ఆమె మధ్యాహ్నం అన్నం మానేసి ఇంకో నకిలీ కార్డును భూతద్దం కింద పెట్టింది. బ్యాట్స్‌మన్ టోపీ ఎరుపు గీత దాటి వెంట్రుకవాసి పక్కకు జరిగింది. రంగులు కుదిరేదాకా మొదట వచ్చే వేస్టు షీట్లే అలా ఉంటాయి. అవి కటింగ్ దాకా పోవు. తిరుపాలు బయటపడ్డట్టేనని సత్యభామకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం కూతురు భారతి లెక్కల నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. దాని అట్ట చూసి సత్యభామ పుస్తకం చేతిలోకి లాక్కుంది. అదే టోపీ, అదే జరిగిన ఎరుపు. ప్రెస్సులో ఆడవాళ్లందరిలాగే ఆమె కూడా వేస్టు షీట్లు తెచ్చి పిల్ల పుస్తకాలకు అట్టలు వేసేది. ఆ టోపీ షీట్లు రెండే మిగిలితే, రెండూ తనే అడిగి తెచ్చుకుంది. ఎండాకాలం సెలవుల్లో, సగం ఖాళీగా ఉన్న ఈ లెక్కల పుస్తకం ఒక్కటి ఉంచుకుని, మిగతావి అట్టలతో సహా పాత పేపర్ల కొట్లో వేసేసింది. నకిలీవాళ్లకు బొమ్మ దొరికింది అక్కడే.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే పని పోతుంది. ఆమెకు భయం వేసింది, బాగా వేసింది. అయినా శనివారం పొద్దున్నే ఆ పుస్తకం తెచ్చి ఓనరు బల్ల మీద పెట్టింది.

"ఈ షీటు నేనే తీసుకుపోయినా సార్. ఇట్లాంటిదే ఇంకోటి తెలీక అమ్మేసినా. తిరుపాలప్ప చేతికి ఇది రానేలేదు. పంపేదుంటే నన్ను పంపండి."

వెంకటరాయప్ప ఆ అట్టనూ నకిలీ కార్డునూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశాడు. తర్వాత తిరుపాలును పిలిచి మిషన్ దగ్గరికి పొమ్మన్నాడు. సత్యభామ టిఫిన్ డబ్బా అందుకుంది.

"నువ్వు యాడికమ్మా? రేపు మల్లా నకిలీవి వస్తే చూసేదెవరు? ఇంక వేస్టు షీట్లన్నీ నువ్వే చింపెయ్యాల."

ఆమె తలూపి, పిల్ల పుస్తకానికున్న అట్ట విప్పింది. అక్కడే నిలబడి దాన్ని నాలుగు ముక్కలుగా చింపి చెత్తబుట్టలో వేసింది. సోమవారం భారతి అట్ట లేని పుస్తకంతో బడికి పోయింది.