పదిహేడు మంది బడి

మా బావగారు ఇరవై ఆరేళ్లు ఆర్థికశాస్త్రం చెప్పి, యాభై రెండో ఏట రాజకీయాల్లోకి దిగారు. కాలేజీలో జవాబు పత్రాలు దిద్దేటప్పుడు పేరున్న భాగాన్ని మడిచి పిన్ను కొట్టించేవారు. ఎవరి పేపరో తెలిస్తే చెయ్యి అటో ఇటో మొగ్గుతుందని భయం. మా అక్క ఆయన దగ్గరే చదివింది. పెళ్లి కుదిరిన ఏడాది, దస్తూరీ గుర్తుపడతానని ఆమె పేపర్ని వేరే కాలేజీకి పంపించేశారు. అక్కడ తొమ్మిది మార్కులు తగ్గాయి. అక్క వాటిని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అలాంటి మనిషి నడిమి పార్టీలో కాక ఎక్కడ చేరతారు? అటువాళ్లు గోడమీది పిల్లి అన్నారు, ఇటువాళ్లూ అదే అన్నారు. ఇద్దరూ తిడుతున్నారంటే సరిగ్గా మధ్యలో ఉన్నట్టేనని ఆయన మురిసిపోయేవారు. మొదటిసారే గెలిచారు. సభలో ఆ పార్టీకి మూడు సీట్లే. ప్రభుత్వానికి సరిగ్గా ఆ మూడే తక్కువ. ఆ ముగ్గురిలో పెద్ద మా బావగారు.

మూడో ఏడు బళ్ల బిల్లు వచ్చింది. ఇరవై మంది కంటే తక్కువ పిల్లలున్న బడిని మూసి, దగ్గర్లోని పెద్ద బడిలో కలిపేస్తారట. నేను రెండు గదుల చిన్న బడిలో టీచర్ని. నాకున్నది పదిహేడు మంది. 'దగ్గర్లోని' పెద్ద బడి తొమ్మిది కిలోమీటర్లు, మధ్యలో లారీలు తిరిగే పెద్ద రోడ్డు. ఆరేళ్ల పిల్లని ఏ తల్లి ఒంటరిగా పంపుతుంది?

ఆ ఇరవై ఎక్కడిదో నాకు తెలుసు. పదేళ్ల కిందట బావగారి పరిశోధన వ్యాసాన్ని టైపు చేసింది నేనే. 'బడిలో ఇరవై మంది అనుకుందాం' అని రాశారు. ఇరవయ్యే ఎందుకని అడిగితే, "లెక్క తేలిగ్గా ఉంటుందే. పదహారనుకున్నా ఒకటే" అన్నారు. ఆ అంకెనే ప్రభుత్వం ఎత్తుకొచ్చి బిల్లులో పెట్టింది.

ఓటింగుకి వారం ముందు వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను.

"బావగారూ, ఇరవై అన్నది ఉత్త ఉదాహరణ అని సభలో ఒక్క మాట చెప్పండి."

"చెబితే బిల్లు మొత్తం పోతుంది. పెద్ద బళ్లకి తరగతికో టీచరు వచ్చేది అందులోనే ఉంది. అంతా పోగొట్టుకునే కంటే అంకె తగ్గించడం నయం."

"ఎంతకి?"

"పదిహేను. ప్రభుత్వం ఒప్పుకునేలానే ఉంది."

ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పిల్లలకి బిస్కెట్లు పంచాను. కారణం చెప్పలేదు.

ఓటింగు రోజు పొద్దున పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు: 'మరదలి బడి కోసం బేరం'. నా బడి ఫొటో, గేటు మీద తుప్పుతో సహా. అక్కా నేనూ సభ పైవరసలో కూర్చున్నాం. బావగారు కాగితాలు పట్టుకుని లేచారు. అటువైపు బెంచీల్లోంచి ఎవరో "మరదలికి నమస్కారాలు!" అని అరిచారు. సభంతా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద ఏదో కొట్టేశారు. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"నా సవరణ, ఇరవై బదులు..." ఆయన ఆగి గొంతు సవరించుకున్నారు. "పద్దెనిమిది."

నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత బల్లలు చరిచారు, రెండువైపులా. రెండు ఓట్ల తేడాతో బిల్లు గెలిచింది.

వరండాలో ఆయన్ని ఆపాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు, ఒళ్లు మండిపోతోంది.

"పద్దెనిమిదే ఎందుకు?"

"పదిహేనంటే నీకోసమే అనేవారు. ఇంక జన్మలో నా మాట ఎవరు నమ్ముతారే? దీనివల్ల కూడా నలభై ఒక్క బళ్లు నిలిచాయి."

"పదిహేనైతే ఎన్ని నిలిచేవి?"

ఆయనకి తెలుసు. తెలియకుండా లేచి నిలబడే మనిషి కాదు. "నూట ఆరు" అన్నారు, నేల చూస్తూ.

"మరి ఆ అరవై అయిదూ మీ మంచిపేరుకా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అక్క నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లింది. ఆయన చెడ్డవారని నేను ఇప్పటికీ అనను. ఒక్క రూపాయి తినలేదు. కానీ ఆ రోజు ఆయన తూచింది బళ్లని కాదు, తనని.

బడి మూశారు. నన్ను పెద్ద బడికి వేశారు. నా పదిహేడు మందిలో పదకొండు మందే అక్కడికి వచ్చారు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. గోడల నిండా బావగారి బొమ్మ, కింద 'సొంతవాళ్ల బడినీ వదలని నిజాయితీ'. గెలుపు ఖాయమని అందరూ అంటున్నారు. నిన్న సాయంత్రం ఆయనే స్వయంగా ఫోన్ చేశారు.

"ఆదివారం సభకి నువ్వొచ్చి వేదిక మీద కూర్చుంటే బాగుంటుందే. ఏం మాట్లాడక్కర్లేదు."

"వస్తాను బావగారూ. నా పక్కన ఇంకో ఆరు కుర్చీలు వేయించండి. ఆ ఆరుగుర్నీ తీసుకొస్తాను."

అవతల కాగితాల చప్పుడు వినిపించింది.

"ఏ ఆరుగురు?" అన్నారాయన.